సీట్ల లెక్క తేలే ముందు
తెలుగు పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ



లోక్‌సభలో తెలంగాణ నుంచి 17 మంది, ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది ఉన్నారు. రాజ్యసభలో తెలంగాణ వారు ఏడుగురు, ఆంధ్రప్రదేశ్ వారు 11 మంది. అంతా కలిస్తే 60 మంది. మీ పార్టీలు వేరు, జెండాలు వేరు, నదీజలాల మాటెత్తితే రాష్ట్రాలే వేరు. అయినా 60 మందికీ కలిపి ఒకే లేఖ రాస్తున్నాను. దేశ ప్రభుత్వపు తీరునే మార్చే బేరం ఒకటి త్వరలో మీ ముందుకు రానుంది, అందులో మీ అందరి అవసరమూ ఒక్కటే. జనగణనకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ వెలువడింది. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కకు తీసుకుంటారు. 2026 తర్వాత వచ్చే మొదటి జనగణన అదే గనుక, 1976 నుంచి కదలకుండా ఉన్న లోక్‌సభ సీట్ల పంపకం దాంతో మళ్లీ మొదలవుతుంది. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు స్థానాలిచ్చే 106వ సవరణ అమలు కూడా ఆ పునర్విభజనకే ముడిపడి ఉంది. సభలో మొత్తం ఎందరుండాలి, ఏ రాష్ట్రానికి ఎంత వాటా, ఏ సీటు ఎవరికి రిజర్వు అన్నవన్నీ ఒకే దఫాలో తేలాలి. కొత్త రాజ్యాంగం రాయకపోయినా, కొత్త జాతీయ ప్రభుత్వానికి రూపం గీసే పనే ఇది. రాజీలు లేకుండా ఇలాంటి పని తెమలదు. రాజీ పడొద్దని నేననడం లేదు. కుదిరిన రాజీ ఏదైనా సరే, దాన్ని హామీగా పుచ్చుకుని లేచి రావద్దంటున్నాను. రాజ్యాంగంలో రాయించాక, ఆ రాతను కాపాడే తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో తేల్చుకున్నాక మాత్రమే ఓటెయ్యమని అడుగుతున్నాను.

నారాయణఖేడ్ నుంచి ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. 1956 నవంబర్ 1 దాకా మా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. ఆ ఏటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 3వ సెక్షన్ దాన్ని కొత్త ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. ఆ సెక్షన్‌ను ఒకసారి తీసి చదవండి. రాయచూరు జిల్లా నుంచి ఆలంపూర్, గద్వాల తాలూకాలు, గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్, తాండూరు తాలూకాలు ఇటు వచ్చాయి. బీదర్ జిల్లా నుంచి నారాయణఖేడ్ తాలూకా మొత్తంగా, జహీరాబాద్ తాలూకా నిర్ణా సర్కిల్ మినహాయించి, బీదర్ తాలూకాలోంచి న్యాల్‌కల్ సర్కిల్ ఒక్కటీ వచ్చాయి. నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకా నుంచి ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు వచ్చాయి. తాలూకా పేరు చెప్పి సరిపెట్టకుండా, రెవెన్యూ సర్కిల్ దాకా దిగి, ఏది కలుస్తుందో ఏది ఆగిపోతుందో పేరుపేరునా రాశారు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినిపించే నేల ఇది. ఎవరు ఎటు పోవాలన్నది ఇక్కడ తేలిగ్గా తేలే విషయం కాదు. ఆ గీత మీద ఎవరి అసంతృప్తి వారికున్నా, దాదాపు 70 ఏళ్లుగా అది చెక్కుచెదరలేదు. మేం మెదక్ జిల్లాలో చేరి, 2016లో సంగారెడ్డి జిల్లాకు మారాం. 2014లో రాష్ట్రమే రెండైంది. అయినా ఈ పడమటి గీత ఉన్నచోటే ఉంది.

అదే సంవత్సరం, అదే కలయిక కోసం, ఇంకో కాగితం మీద కూడా సంతకాలు పడ్డాయి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణను పరిశీలించిన ఫజల్ అలీ కమిషన్ 1955 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదికలో, హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగానే ఉంచాలనీ, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితేనే ఆంధ్రతో కలపాలనీ చెప్పింది. ఆ గడువు దాకా ఆగకుండా కలపడానికి కుదిరిన రాజీయే పెద్దమనుషుల ఒప్పందం. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు సంతకాలు చేశారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారుండాలి, మంత్రివర్గం 60, 40 పాళ్లలో ఉండాలి, తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు పెట్టాలి, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ ఉండాలి, ప్రాంతీయ మండలి ఏర్పడాలి. రాసుకున్నవి మంచి షరతులే. కానీ ఉప ముఖ్యమంత్రి పదవీ, మంత్రుల పాళ్లూ చట్టంలోకి ఎక్కలేదు. నవంబర్‌లో ఏర్పడిన మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి లేరు. ఆ మంత్రివర్గానికి నాయకుడైన సంజీవరెడ్డి ఒప్పందం మీద సంతకం చేసినవారిలో ఒకరు. ప్రాంతీయ మండలి పలచబడి ప్రాంతీయ సంఘమై వచ్చింది. మిగులు నిధులు ఎంత, ఎటుపోయాయి అన్నది తేల్చడానికి 1969లో ఒకదాని వెంట ఒకటి కమిటీలు వేయాల్సి వచ్చింది, అదీ ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోడ్డెక్కాక.

ఇందులో ఎవరో ఒక మనిషి దుర్మార్గాన్ని వెతికితే అసలు విషయం చేజారుతుంది. ఒప్పందం నిలబెట్టాల్సినవాడూ, అది నిలబడిందో లేదో తేల్చాల్సినవాడూ ఒకరే కావడం దాని లోపం. మాట తప్పారని తెలంగాణ శాసనసభ్యుడు ఎవరికి చెప్పుకోవాలి? కోర్టుకు వెళ్దామంటే ఆ కాగితం చట్టం కాదు. సభలో అడుగుదామంటే సంఖ్యాబలం రెండో వైపు ఉంది. రాష్ట్రావతరణ ముందు రోజు దాకా తెలంగాణ సమ్మతికి ధర ఉంది. అవతరించిన మర్నాటి నుంచి ఆ ధర లేదు. ఒకే కలయికలో పుట్టిన రెండు కాగితాల్లో, ఒక సర్కిల్‌ను బీదర్‌లో వదిలిపెట్టిన చిన్న ముక్క నేటికీ అమల్లో ఉంది. ఒక ప్రాంతపు ఆత్మగౌరవానికి పూచీపడ్డ 14 అంశాల ఒప్పందం నెలల్లోనే చిల్లులు పడింది. పెద్ద విషయాన్నే నమ్మకానికి వదిలేశారు, చిన్న విషయాన్ని అక్షరానికి అప్పగించారు.

ఆంధ్రప్రదేశ్ సభ్యులు ఇది తెలంగాణ పాత గాయమని పక్కన పెట్టలేరు. 2014 ఫిబ్రవరి 20న, తేదీ కూడా అదే, రాష్ట్ర విభజన బిల్లు మీద రాజ్యసభలో చర్చ జరుగుతుండగా ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లపాటు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించారు. నిండు సభలో, దేశ ప్రధాని నోట వచ్చిన మాట, రికార్డుల్లో భద్రంగా ఉంది. బిల్లులో మాత్రం లేదు. మూడు నెలల్లో ప్రభుత్వం మారింది. ఆర్థిక సంఘం సిఫార్సుల తర్వాత హోదాకు తావు లేదని చెప్పి 2016 సెప్టెంబర్‌లో ప్యాకేజీ ప్రకటించారు. అదే విభజన చట్టంలోని 5వ సెక్షన్ హైదరాబాద్‌ను పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని చేసింది. ఆ మాట ఎవరికి నచ్చినా నచ్చకపోయినా 2024 జూన్ 2 దాకా చట్టంగానే నిలిచింది. ఇక్కడివారు 1956లో, అక్కడివారు 2014లో ఒకే పాఠానికి ఫీజు కట్టారు. ఇంత ఖరీదు పెట్టి నేర్చుకున్న ప్రజల ప్రతినిధులు ఢిల్లీలో మరే రాష్ట్రానికీ లేరనుకుంటాను.

రాస్తే చాలా అంటే, చాలదు. అక్షరంలో కొర్రీ ఉంటే రాసిందీ చెల్లదు. విభజన చట్టం 26వ సెక్షన్ తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుంచి 153కు, ఆంధ్రప్రదేశ్ స్థానాలను 175 నుంచి 225కు పెంచాలంది. అంకెలతో సహా ఎంత స్పష్టంగా ఉంది! కానీ ఆ వాక్యం మొదలైందే రాజ్యాంగంలోని 170వ అధికరణకు లోబడి అంటూ. ఆ అధికరణేమో 2026 తర్వాతి జనగణన దాకా స్థానాలు కదలవంటుంది. అంటే ఇచ్చిన చేతిని అదే వాక్యం వెనక్కి లాగింది. 2022లో జమ్మూకశ్మీర్‌కు 83 నుంచి 90కి పెరిగాయి కదా అని సుప్రీంకోర్టుకు వెళ్తే, 2025 జూలై 25న పిటిషన్ కొట్టేశారు. అది కేంద్రపాలిత ప్రాంతం, 170 దానికి వర్తించదు. అంతకు ముందు 1969లోనూ ఇదే జరిగింది. తెలంగాణ ఉద్యోగాల్లో నివాసపు షరతు పెడుతూ 1957లో పార్లమెంటు చేసిన చట్టంలోని కీలక సెక్షన్‌ను మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టివేసింది. మొత్తం రాష్ట్రానికైతే అలాంటి షరతు పెట్టవచ్చు, రాష్ట్రంలో ఒక భాగానికి పెట్టే అధికారం 16వ అధికరణలో లేదన్నది కారణం. ఆ ఏడాది రాష్ట్రం ఎలా మండిందో చెప్పనక్కర్లేదు.

దీనికి పూర్తిగా వేరైన దారి రాజ్యాంగంలోని 371డి అధికరణ. 1973 సెప్టెంబర్‌లో స్థానికుల చదువు, ఉద్యోగాల రక్షణకు ఆరు సూత్రాల పథకం కుదిరాక, దాన్ని 32వ సవరణతో రాజ్యాంగంలో చేర్చారు. రాజ్యాంగంలో ఇంకెక్కడ ఏమున్నా ఇది చెల్లుతుందని అందులోనే రాసుకున్నారు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు దాని నుంచే పుట్టింది. ఉల్లంఘనలు జరగలేదా? కావలసినన్ని జరిగాయి. 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో వచ్చిందే ఆ ఉల్లంఘనలను సరిదిద్దడానికి. అయితే తేడా చూడండి. పెద్దమనుషుల ఒప్పందం తప్పినప్పుడు చేతిలో ఏమీ లేదు. రాష్ట్రపతి ఉత్తర్వు తప్పినప్పుడు ఏ జోన్‌లో ఎందరు అక్రమంగా చేరారో లెక్కతీసి అడగడానికి కొలమానం ఉంది. రాష్ట్రం విడిపోయాక కూడా ఆ అధికరణ రెండు చోట్లా మిగిలింది. ఇవాళ నారాయణఖేడ్ నుంచి ఒక నిరుద్యోగి గ్రూప్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, అతడు స్థానికుడా కాదా అన్నది 371డి కింద వచ్చిన 2018 ఉత్తర్వే తేలుస్తుంది. ఏ మంత్రి దయాదాక్షిణ్యమూ అక్కర్లేదు.

ఇక మీ ముందున్న లెక్కకొస్తాను. 2025 ఫిబ్రవరి 26న కోయంబత్తూరులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా దక్షిణాది రాష్ట్రాలకు ఒక్క సీటు కూడా తగ్గదని అన్నారు. ఆయన మాటను నేను శంకించడం లేదు. మాట నిజంగా నిలబడినా ఏం మిగులుతుందో చూద్దాం. లోక్‌సభను 800 స్థానాలకు పెంచారనుకోండి. కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభ హాలుకు 888 కుర్చీలు వేశారు గనుక ఇది ఊహకందని అంకె కాదు. ఇప్పటి వాటానే ఉంచితే తెలంగాణకు 25, ఆంధ్రప్రదేశ్‌కు 37 రావాలి. 2011 జనాభా ప్రకారం పంచితే తెలంగాణకు 23, ఆంధ్రకు 33 వస్తాయి. 17 కాస్తా 23 అయింది, 25 కాస్తా 33 అయింది. ఒక్క సీటూ తగ్గలేదు, ఇచ్చిన మాట అక్షరాలా నెరవేరింది. ఉత్తరప్రదేశ్‌కు మాత్రం 118కి బదులు 132 వచ్చాయి. 2027 లెక్కలొస్తే ఈ తేడా ఇంకా పెరగవచ్చు. సభలో ఓటింగ్ జరిగేది వాటాలతో. సీట్లు తగ్గవన్న భరోసా, వాటా తగ్గదన్న భరోసా కాదు. రెండో భరోసా ఇప్పటిదాకా ఏ బిల్లులోనూ లేదు. 2025 మార్చి 27న తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది, మంచిదే. తీర్మానం కూడా మాటే.

జనాభాను బట్టి సీట్లివ్వడమే ప్రజాస్వామ్యం కదా, మీరు కోరేది బిహార్ ఓటరు విలువను తగ్గించడమే కదా అని ఉత్తరాది నుంచి అడుగుతారు. ఇది దబాయించి తోసిపుచ్చాల్సిన ప్రశ్న కాదు, వాళ్ల దగ్గర న్యాయం ఉంది. 2011 లెక్కల ప్రకారం రాజస్థాన్‌లో ఒక ఎంపీ సగటున 27 లక్షల మందికి, బిహార్‌లో 26 లక్షల మందికి ప్రతినిధి. తెలంగాణలో 21 లక్షల లోపు, కేరళలో 17 లక్షల లోపు. యాభై ఏళ్లుగా వాళ్లు ఈ అసమానతను భరిస్తూ వచ్చారు. అయితే మన రాజ్యాంగం ఎన్నడూ తలలు లెక్కపెట్టడం ఒక్కదాని మీదే నడవలేదు. చిన్న రాష్ట్రాలకు జనాభాతో పని లేకుండా లోక్‌సభ స్థానాలున్నాయి. రాజ్యసభ ఉన్నదే రాష్ట్రాల కోసం. పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యాన్ని మార్చే రాజ్యాంగ సవరణకు కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలని 368వ అధికరణే చెబుతోంది. 1976లో సీట్లను ఆపింది కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని. అది జాతీయ విధానం. దాన్ని నమ్మి నడిచినవారికి శిక్ష పడితే రేపు కేంద్రం చెప్పే ఏ జాతీయ లక్ష్యాన్నీ ఏ రాష్ట్రమూ మనస్ఫూర్తిగా తీసుకోదు.

ఒక వాదన మాత్రం దయచేసి చేయకండి. దక్షిణాది ఎక్కువ పన్ను కడుతోంది కాబట్టి ఎక్కువ సీట్లుండాలన్నది ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. అది ఒప్పుకుంటే తెలంగాణలో మాట చెల్లేది హైదరాబాద్ ఐటీ కారిడార్‌కే. చెరకు, కంది, సోయా మీద బతికే మా ఖేడ్‌కు, కూలి కోసం ఊళ్లు వదిలిపోయే తండాలకు ఎన్ని సీట్లిస్తారు? డబ్బును బట్టి ప్రాతినిధ్యం అన్నది ఢిల్లీలో మనకు అనుకూలంగా మొదలై ఇంటికొచ్చేసరికి మన పేదవాడి మెడకే చుట్టుకుంటుంది. మనం నిలబడాల్సిన చోటు సమాఖ్య సూత్రం, జాతీయ విధానం మీద పెట్టుకున్న నమ్మకం. ధనం కాదు.

ఆచరణలో ఇది సాధ్యమా అన్నది ఇంకో ఆక్షేపణ. ఐదు దక్షిణాది రాష్ట్రాల లోక్‌సభ సభ్యులంతా ఒక్కటైనా 129 మంది. 543 మంది సభలో సవరణను ఆపడానికే మూడో వంతుకు మించి, అంటే 182 మంది కావాలి. నెగ్గించుకోవడానికి మూడింట రెండొంతులు. పైగా ఏమీ చేయకుండా కూర్చుంటే ఫలితం మనకు వ్యతిరేకంగానే వస్తుంది. గడువు ముగిశాక 82వ అధికరణలోని ఆంక్ష దానంతటదే తొలగిపోతుంది. అప్పుడు ఏర్పడే డీలిమిటేషన్ కమిషన్ ఉత్తర్వులను సవరించే అధికారం పార్లమెంటుకు కూడా ఉండదు. కాబట్టి మనం ఉత్తరాది సభ్యులను ఒప్పించాలి, ఒప్పించాలంటే వాళ్లకు దక్కేదేదో ఉండాలి. ఉంది. సభను పెంచి వాటాలు ఉంచితే, ఉత్తరప్రదేశ్‌లో 2011 లెక్కన 25 లక్షలకు ఒకరున్న ఎంపీ 17 లక్షలకు ఒకరవుతారు. వాళ్ల ఓటరుకు ప్రతినిధి దగ్గరవుతాడు, మన వాటా చెదరదు. రాష్ట్రాల మధ్య వాటా కదపకుండా రాష్ట్రం లోపల జనాభా ప్రకారం నియోజకవర్గాలను సరిచేయవచ్చని 2008లోనే రుజువైంది. మా జహీరాబాద్ లోక్‌సభ స్థానం పుట్టింది ఆ పునర్విభజనలోనే. ఒకప్పటి బీదర్ జిల్లా నారాయణఖేడ్, జహీరాబాద్, నాందేడ్ జిల్లా జుక్కల్, మెదక్ వైపు అందోల్, నిజామాబాద్ వైపు బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి కలిసి ఒక సీటైంది. ఏడింటిలో మూడు ఎస్సీ స్థానాలు. రాష్ట్రానికి ఉన్న సీట్ల సంఖ్య ఒక్కటీ మారలేదు.

వాటాను శాశ్వతంగా గడ్డకట్టించమని కొందరు మిత్రులు అంటున్నారు. దానికీ నేను ఒప్పుకోను. లెబనాన్‌ను చూడండి. 1943లో అక్కడి మతవర్గాల నాయకులు చేసుకున్న జాతీయ ఒడంబడిక నోటిమాటే. పార్లమెంటులో క్రైస్తవులకు ఆరు, ముస్లింలకు ఐదు అన్న నిష్పత్తికి ఆధారం 1932 జనగణన. ఆ తర్వాత అక్కడ అధికారిక జనగణనే జరగలేదు, జరిపితే నిష్పత్తి మార్చమని అడుగుతారని. 1975లో మొదలైన అంతర్యుద్ధం 15 ఏళ్లు సాగింది, ఆ నిష్పత్తిని సగం సగం చేయడానికి 1989లో తాయిఫ్ ఒప్పందం దాకా రావాల్సి వచ్చింది. మనది లెబనాన్ కాదు. కానీ పాత లెక్క మీద కూర్చున్న రాజీకి మారే దారి ముందే రాసిపెట్టకపోతే, గడిచిన ప్రతి ఏడూ అవతలివారి ఫిర్యాదుకు బలమే. 1976లో 2001 జనగణన దాకా అన్నాం. 84వ సవరణతో 2026 తర్వాతి జనగణన దాకా అన్నాం. ఈ 50 ఏళ్లలో గడువు ముగిశాక ఏం చేయాలో ఎవరూ రాయలేదు. తేదీ రాశారు, దారి రాయలేదు.

దారి రాసిన సందర్భం మన దేశంలోనే ఒకటుంది, మీ చేతికి అదే మంచి నమూనా. 1949 సెప్టెంబర్‌లో రాజ్యాంగ సభ మున్షీ-అయ్యంగార్ సూత్రాన్ని ఒప్పుకుంది. హిందీ అధికార భాష, ఇంగ్లిష్ మరో 15 ఏళ్లు. 1965 జనవరి 26 దగ్గరపడే కొద్దీ హిందీయేతర రాష్ట్రాల్లో గుబులు పెరిగింది. వాళ్లు కోరినంత కాలం ఇంగ్లిష్ ఉంటుందని నెహ్రూ పార్లమెంటులో భరోసా ఇచ్చారు. ఆయన పోయాక ఆ భరోసా చట్టంలో ఎంత ఉందన్న ప్రశ్న మద్రాసు వీధుల్లో ప్రాణాలు తీసింది. 1967లో అధికార భాషల చట్టాన్ని సవరించి, హిందీని అధికార భాషగా స్వీకరించని రాష్ట్రాల శాసనసభలన్నీ తీర్మానం చేస్తే తప్ప ఇంగ్లిష్ తొలగదని రాశాకే మంట చల్లారింది. తాళంచెవి ఢిల్లీ చేతిలోంచి రాష్ట్రాల చేతికి వచ్చింది. నెహ్రూ అంతటివాడి మాటకే చట్టపు తోడు అవసరమైందంటే, ఎవరి నిజాయితీ మీదా ఇది అభియోగం కాదని వేరే చెప్పాలా?

పరస్పర విశ్వాసం లేకుండా దేశం నడవదు, ప్రతిదీ రాతలో అడిగితే అనుమానం పెరుగుతుందని పెద్దలు అనవచ్చు. మా చరిత్ర చెప్పేది దీనికి ఎదురు. తెలుగువారి మధ్య అనుమానం పెరిగింది రాయించుకున్న షరతుల వల్ల కాదు, రాయని షరతులు తప్పడం వల్ల. 1969, 2009 ఉద్యమాలు రెండూ ఏదో ఒక హామీ తప్పిన చోటే రాజుకున్నాయి. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. రాజ్యాంగ సభలో హైదరాబాద్ సంస్థానం నుంచి ప్రతినిధులు లేరు. 1949 నవంబర్‌లో నిజాం ఫర్మానాతో ఆ రాజ్యాంగం మాకు వర్తించింది. ఈ నేల మనిషి అప్పుడు ఆ గదిలో లేడు. గదిలో లేనివారి ఖర్చు మీద రాజీలు సులువుగా కుదురుతాయి. 1787లో అమెరికా రాజ్యాంగ సభ చిన్న రాష్ట్రాలకు సెనేట్‌లో సమాన స్థానం ఇచ్చి, ఆ రాష్ట్రం ఒప్పుకోకుండా దాన్ని తీసేయలేరని రాసింది, అది నేటికీ నిలిచింది. అదే సభ, ఓటు లేని బానిసలను ఐదింట మూడొంతుల చొప్పున లెక్కగట్టి యజమానుల రాష్ట్రాలకు సీట్లు పెంచింది. గట్టిగా రాసిన రాజీ న్యాయమైనదే కానక్కర్లేదు. అందుకే మన బేరంలో మహిళల మూడో వంతు, ఎస్సీ, ఎస్టీ స్థానాలు రాష్ట్రాల వాటా కోసం వెనక్కి నెట్టే పావులు కాకూడదు. 106వ సవరణను పునర్విభజన ముడి నుంచి విప్పమని అడగడం మీ మొదటి పని అయితే, మిగతా వాదనకు నైతిక బలం వస్తుంది.

కాబట్టి నా అభ్యర్థన ఇదీ. కమిషన్ ఏర్పడక ముందే, 60 మందీ కలిసి ఒక రాజ్యాంగ సవరణ ముసాయిదా తయారు చేయండి. రాజ్యసభ స్థానాలకు నాలుగో షెడ్యూల్ ఉన్నట్టే లోక్‌సభలో ప్రతి రాష్ట్రం వాటాకూ ఒక షెడ్యూల్ అందులో ఉండాలి. జనాభా తేడాకు తగ్గట్టు వాటా ఒకేసారి కాకుండా ఒక్కో జనగణనకు ఎంత మెట్టు దిగాలో, ఎక్కడ ఆగాలో అంకెల్లో ఉండాలి. ఆ షెడ్యూల్‌ను మార్చాలంటే ఏ శాసనసభలు ఒప్పుకోవాలో రాయాలి. ఫలానా అధికరణకు లోబడి అన్న మెలిక ఏ వాక్యం ముందూ లేకుండా చూడాలి. 26వ సెక్షన్‌ను పక్కన పెట్టుకుని రాస్తే ఆ తప్పు మళ్లీ జరగదు. తమిళనాడు, కర్ణాటక, కేరళ సభ్యులకు చూపండి. అంతకంటే ముఖ్యంగా పాట్నా, లక్నో, జైపూర్ వెళ్లి అక్కడి సభ్యులకు వాళ్ల ఓటరుకు ఇందులో ఏముందో చెప్పండి. ముసాయిదాను తెలుగులో ప్రచురించి హైదరాబాద్, అమరావతి శాసనసభల్లో చర్చకు పెట్టించండి. హోంమంత్రి కోయంబత్తూరులో చెప్పిన మాటను ఏ అధికరణలో, ఏ వాక్యంగా చేరుస్తారో ప్రభుత్వాన్ని సభలో సూటిగా అడగండి. వచ్చిన జవాబును నియోజకవర్గానికి తెచ్చి వినిపించండి. ఖేడ్‌లో ఆ జవాబు కోసం ఎదురుచూసేవాళ్లం చాలామందిమి ఉన్నాం.

ఇట్లు,
నారాయణఖేడ్ ఓటరు
సంగారెడ్డి జిల్లా, 2025 ఆగస్టు